నాలుగు కోళ్ళ నీడ

మాచవరం రోడ్డు మీద ఊరి మలుపు దగ్గర బస్సు కోసం ఆగాలంటే ఎండకు మాడాల్సిందే. ఎన్నికలప్పుడల్లా షెల్టరు కడతామని మాట ఇచ్చినవాళ్ళే గానీ, ఒక్క రేకు వేసిన పుణ్యాత్ముడు లేడు. నిరుడు వేసవిలో నరసరావుపేట ఆసుపత్రికి బయల్దేరిన శాంతమ్మ, బస్సు రాక, వడదెబ్బకు అక్కడే సొమ్మసిల్లి పడిపోయింది. మళ్ళీ లేవలేదు. ఆమె మొగుడే దానయ్య.

దానయ్య నాలుగు కోళ్ళ మంచాలకు నులక అల్లేవాడు. మడత మంచాలు వచ్చాక ఆయన్ని పిలిచిన గుమ్మం లేదు. మిరప కోతలకు కూలికి పోతూ బతికాడు. పెళ్ళాం పోయాక అదీ మానేసి, మలుపు దగ్గరకు వెళ్ళి ఊరికే నిలబడేవాడు.

ఆ చలికాలంలో విజయవాడ నుంచి భావన అనే అమ్మాయి వచ్చింది. జనం ఆగే చోట, పారేసిన సామానుతో, ఊరి పనివాళ్ళ చేత నీడ కట్టిస్తుందట వాళ్ళ సంస్థ. పాడుబడ్డ బోర్లలోంచి పీకిన ఇనప పైపులు దొరికితే, వెల్డింగు చేసే మౌలాలీ నాలుగింటిని నిలబెట్టి పైన చట్రం బిగించాడు. కప్పు దేనితో వేయాలన్నప్పుడు దానయ్య ముందుకొచ్చాడు.

"ఎరువుల సంచులు ఎక్కడ చూసినా పడున్నయ్ తల్లీ. చీరి, తాడు పేని, నేను అల్లుతా. మా శాంతమ్మ పడ్డ చోట ఇంకెవురూ పడగూడదు."

భావన కళ్ళు తుడుచుకుంది. ఆ మాట మళ్ళీ చెప్పించుకుని ఫోనులో వీడియో కూడా తీసుకుంది.

దానయ్య వంచిన నడుం ఎత్తలేదు. ఎండ కిందికి జారనంత దగ్గరగా అల్లాడు. మంచానికి చేసినట్టే ఒక కొసన జాగా వదిలి, సడలితే బిగించడానికి తాళ్ళు లాగి కట్టాడు. ఏళ్ళ తరబడి అలవాటైన చెయ్యి, ఇంకో దారి ఎరగదు. పైన కూర్చుని కూనిరాగం తీస్తుంటే, ముసలాడికి మళ్ళీ పెళ్ళి కళ వచ్చిందని ఊరు నవ్వుకుంది.

రిబ్బను కత్తిరించడానికి నాయకుడు వచ్చాడు. రాతి మీద ఆయన పేరు, సంస్థ పేరు చెక్కించారు. అల్లినవాడి పేరుకు రాయి చాలలేదు కాబోలు. దానయ్య అది పట్టించుకోలేదు. జనం నీడన నిలబడితే చాలనుకున్నాడు.

అప్పుడే కృష్ణకుమారి తల పైకెత్తి చూసింది. పొలాలున్న ఇంటి కోడలు, ఆమె మాటంటే ఊళ్ళో ఎదురు లేదు.

"ఏంది దానయ్యా, నాలుగు కోళ్ళూ నులకా, ఇది అచ్చం మంచమే గదా. కాళ్ళకాడ బిగింపు తాళ్ళు గూడా పెట్టావు. మంచం కింద పడుకోబెట్టేది ఎవుర్నో తెలవదా నీకు?"

తెలియకేం. ఇక బతకదని తేలిన మనిషిని మంచం మీంచి దించి కింద, నేల మీద పడుకోబెడతారు. ఇన్ని మంచాలు అల్లినవాడికి ఆ సంగతే తట్టలేదు. ఆయన కళ్ళకు అది నీడగానే కనబడింది. నాయకుడు మాత్రం చప్పున ఎండలోకి జరిగాడు. ఆయన వెనకే జనమూ జరిగారు.

ఆ రోజు నుంచి కింద కాలు పెట్టినవాడు లేడు. ఎండ ముదిరినా షెల్టరు పక్కన నెత్తిన కొంగులు కప్పుకుని నిలబడ్డారు గానీ లోపలికి రాలేదు. దానయ్య ఒక్కడే కింద కూర్చుని పిలిచేవాడు.

"రాండమ్మా, ఏం గాదు. నేను రోజూ కూకుంటన్నా గదా."

"నీకేంది బాబాయ్, పోవాల్సినోళ్ళు పోయారు. మాకు పిల్లలుండారు," అంది రేవతి, చంకలో బిడ్డను సర్దుకుంటూ.

భావన ఫోను చేసింది. "మన షెల్టరుకు ఢిల్లీలో బహుమతి వచ్చిందండీ!"

"జనం కిందికి రావట్లా తల్లీ. ఒక్కసారి వచ్చి చెప్పు."

తప్పకుండా వస్తానంది. రాలేదు.

మే నెలలో ఒక మధ్యాహ్నం ఆ రేవతే ఎండకు తూలి పడింది. దానయ్య, మౌలాలీ కలిసి ఆమెనూ బిడ్డనూ నీడలోకి మోసుకొచ్చి మొహాన నీళ్ళు చల్లారు. ఆమె కళ్ళు తెరిచింది. పైన నులక కనబడగానే బిడ్డను లాక్కుని, పాకుతూ ఎండలోకి పోయింది.

దానయ్య ఇంటికి వెళ్ళి కొడవలి తెచ్చాడు.

"వద్దు బాబాయ్, అంత కష్టపడి అల్లావు," అని మౌలాలీ కాళ్ళు పట్టుకున్నాడు. దానయ్య విడిపించుకుని పైకెక్కి, తన అల్లికంతా తన చేత్తోనే కోసి పడేశాడు. నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ ఒకటి కాలవ గట్టున పడి ఉంటే తెచ్చి చట్రం మీద కట్టాడు.

దాని కింద ఉక్క. సగం ఎండ దిగుతూనే ఉంది. అయినా బస్సు వేళకు అందరూ వచ్చి చేరారు, రేవతితో సహా. కృష్ణకుమారి సరిగ్గా శాంతమ్మ పడ్డ చోట సంచీ పెట్టుకుని కూర్చుంది.

"ఇప్పుడు కుదిరింది దానయ్యా. ఈ పని ముందే చేస్తే పోయేది గదా," అంది.

దానయ్యకు ఏడుపు రాలేదు, అసహ్యం వేసింది. తెగిన నులకను చుట్టగా చుట్టి భుజానికి వేసుకున్నాడు. లోపల కాలు పెట్టే సందు లేదు, కాస్త జరగండి అన్న మనిషీ లేడు. బస్సు వచ్చేదాకా ఎండలోనే నిలబడ్డాడు.