నా గుండం ఆర్పిన ఇంజను

మొన్న దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్తంభాల కింద ఒక ఫైరింజను ఎంత మోత మోగించినా ముందున్న ఆటో జరగలేదు, పక్కనున్న బైకు కదలలేదు, ఒక్కరూ తల తిప్పి చూడలేదు. ఫుట్‌పాత్ మీద నిలబడ్డ నాకు, ఎందుకు దాచాలి, లోపల కాస్త సంతోషమే కలిగింది. ఆ ఎర్రబండి మీద నా అసూయ ఈనాటిది కాదు.

మేము నల్లగొండ పల్లె నుంచి వచ్చి గడ్డిఅన్నారంలో కిరాయికి దిగిన కొత్తలో, పెద్దరోడ్డు పక్కన రేకుల షెడ్డులో ఫైర్ స్టేషన్ పెట్టారు. స్టేషన్ అంటే ఒక పాత ఇంజను, చేత్తో కొట్టే ఇత్తడి గంట, తడిసిన గుడ్డ గొట్టాలను ఆరేసే ఎత్తైన స్తంభం, అంతే. ఎవరైనా సైకిలెక్కి వచ్చి చెబితేనో, ఎక్కడైనా పొగ కనబడితేనో బండి బయలుదేరేది. మా అన్న అందులో చేరాడు. మూఢనమ్మకాలు వద్దని గొంతు పోయేలా మాట్లాడినా నా సభలకు రాని జనం, ఆ గంట మోగితే చాలు, అన్నను చూడటానికి వాకిళ్లలోకి వచ్చేవారు. అందరికన్నా ముందుండేది మా నాయన. నా మొదటి వ్యాసం అచ్చయిన పేపరును చదవకుండానే మడిచి తలకింద పెట్టుకుని పడుకున్నదీ ఆయనే.

తెలంగాణ ఉద్యమం మొదటిసారి రగిలిన ఏడాది కాలేజీలు మూతపడ్డాయి, కుర్రాళ్లంతా రోడ్ల మీదే ఉన్నారు. వాళ్ల ముందు అగ్నిగుండం నడిచి చూపిస్తానని ప్రకటించాను. నాయన మా ఊళ్లో ఏటా దేవుడి పేరున ఉపవాసముండి గుండం నడిచినవాడు. బూడిద కప్పిన నిప్పు మీద ఆగకుండా అడుగులేస్తే కాలదని, అందులో మహిమేమీ లేదని ఆయన కళ్లముందే రుజువు చేయాలి. నాకు కావలసింది అదొక్కటే.

"దేవుని పేరు తియ్యకుంటనే నడుస్తవా? కాళ్లు బొబ్బలెక్కితె నన్ను పిలువకు" అన్నాడు కానీ, వచ్చాడు. నా సభకు ఆయన రావడం అదే మొదలు. అన్నకు మాత్రం నేను చెప్పలేదు. ఎందుకు చెప్పాలి? అది నా సభ.

చింతమొద్దులు కాలి నిప్పులయ్యాయి, నా ఉపన్యాసం ముగిసింది, పంచె ఎగగట్టి చెప్పులు విడిచాను. అప్పుడు వినబడింది ఆ గంట. ఆ రోజుల్లో పొగ లేచిందంటే ఎవరో బస్సుకు నిప్పు పెట్టారనే లెక్క. స్టేషన్ వాళ్లకూ అదే తోచింది. బండి ఆగీ ఆగకముందే అన్న దూకి, గొట్టం పట్టి, నా గుండాన్ని బురదగుంట చేశాడు. ఆ తర్వాతే చూశాడు నన్ను.

"నువ్వార! బస్సేదిర?"

మైదానమంతా ఒకటే నవ్వు. ఎవడో అరిచాడు: "దేవుడు లేడంటివి గద సారూ, మరి గీ నీళ్లెవలు పంపిండ్రు?" చదివిన తర్కశాస్త్రాన్ని పక్కన పెట్టి, ఆ గుంపులో నాయన కోసం వెదికాను. ఆయన ఇంజను దగ్గర నిలబడి, అన్న మొహమ్మీది మసిని తన తువ్వాలతో తుడుస్తున్నాడు. నన్ను చూసి, "నీది ఇంకోనాడు చూస్త తియ్ బిడ్డ" అన్నాడు.

తర్వాత కొత్తపేటలో, సైదాబాదులో నేను ఎన్నోసార్లు నిప్పుల మీద నడిచాను. కాలు కందలేదు. చప్పట్లు కూడా వచ్చాయి. నాయన మాత్రం రాలేదు. ఆ ఇంకోనాడు రాకముందే పోయాడు. తర్వాత అన్న కూడా పోయాడు.

మొన్న ఆ ఇంజను ఇంకా అక్కడే మొత్తుకుంటుంటే, నాకు తెలియకుండానే రోడ్డు మీదికి దిగి ఆటో టాపు మీద చరిచాను. "జర జరుగు బిడ్డా, మనిషి పానం పోతది!" ఆటో జరిగింది. బైకులు జరిగాయి. బండి నన్ను దాటి ఎల్బీనగర్ వైపు దూసుకుపోయింది. ఇన్ని వేల మంది తిరిగే రోడ్డులో దాన్ని కనుమరుగయ్యేదాకా చూసినవాణ్ని నేనొక్కణ్నే. పక్కన నాయన ఉండి ఉంటే ఇద్దరమయ్యేవాళ్లం. దారి ఇప్పించింది నేనైనా, ఆయన చూసేది మాత్రం బండినే.