బోణీ కాకముందు వచ్చిన ఫోను

ఈ ఉదయం విజయనగరం మార్కెట్లో బస్సు దిగానో లేదో, ఏదో కొట్లోంచి సాంబ్రాణి పొగ గుప్పుమంది. అంతే, మా షావుకారమ్మ గారు కళ్లముందు నిలబడ్డారు. ఆమదాలవలసలో ఆవిడ చీరల కొట్లో రెండేళ్లు బిల్లులు కొట్టాను. పొద్దున్నే పొగ వేసి, గల్లాపెట్టెకు దండం పెట్టుకుని కూర్చునేవారు. మొదటి బేరమై బోణీ అయ్యేదాకా కొట్లోంచి ఏదీ బయటికి పోకూడదు. పక్క కొట్టాయన చిల్లరకొచ్చినా ఉత్త చేతులతో వెళ్లాల్సిందే. డిగ్రీ చదివినదాన్ని కదా, నాకు లోలోపల నవ్వొచ్చేది.

ఒకరోజు బోణీ కాకముందే నా సెల్లు మోగింది. బ్యాంకు నుంచట! నా ఏటీఎం కార్డు పది నిమిషాల్లో ఆగిపోతుందట. కూడబెట్టిన బీఎడ్ ఫీజంతా ఆ ఖాతాలోనే ఉంది, కట్టడానికి ఆ వారమే గడువు. గబగబా కార్డు మీది అంకెలన్నీ చదివేశాను. "మెసేజ్‌లో ఓటీపీ వచ్చింది చూడండి, త్వరగా చెప్పండి మేడమ్" అన్నాడు.

"ఎవుడే పిల్లా?" అన్నారు షావుకారమ్మ గారు.

"బ్యాంకోళ్లమ్మా. ఏదో నంబరు ఇమ్మంటున్నారు."

"బోణీ అవ్వకుండా ఇవ్వడమేటే? ఇలా తే!" అంటూ ఫోను లాక్కున్నారు. "ఒరే నాయనా, మాకింకా బోణీ అవ్వలేదు. మజ్జాన్నం ఫోను సెయ్యి."

అవతలివాడు లబలబలాడాడు, కార్డు ఆగిపోతుందని.

"ఆగిపోతే ఆగిపోనీరా! బ్యాంకు పక్క వీధిలోనే ఉన్నాది, పిల్లే ఎల్లి అడుగుతాది."

వాడు తిట్లకు దిగాడు. ఆవిడ ఫోను పెట్టేసి, గల్లాపెట్టెలో పడేసి మూత వేశారు. లోపల అది మోగుతూనే ఉంది, ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వుతూనే ఉన్నారు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

బ్యాంకు తెరవగానే పరుగెత్తాను. మేనేజరు గారు ముందు కార్డు ఆపించారు. "ఆ ఓటీపీ చెప్పుంటే ఖాతా ఊడ్చేసేవాడమ్మా. మేం ఫోనులో ఎప్పుడూ అడగం" అన్నారు. డబ్బు ఉన్నది ఉన్నట్టే ఉంది! తిరిగొచ్చి, బేరానికొచ్చిన వాళ్లందరి ముందూ షావుకారమ్మ గారిని వాటేసుకున్నాను.

"మోసమని మీకెలా తెలిసిందమ్మా?"

"నాకేటి తెలుసే? బోణీ అవ్వలేదని ఆపాను. ఆడు తిట్టాడు సూడు, అప్పుడొచ్చింది అనుమానం. కార్డు నీది, డబ్బు నీది. మరి తొందర ఆడికెందుకే?"

ఆ వారమే ఫీజు కట్టాను. ఇప్పుడు పాతపట్నంలో టీచర్ని. లాటరీ తగిలిందని మెయిళ్లొస్తాయి, ఖాతా మూసేస్తామని ఫోన్లొస్తాయి. ఎవరైనా "త్వరగా మేడమ్" అన్నారంటే చాలు, కుర్చీ లాక్కుని తీరిగ్గా కూర్చుంటాను.