కాటన్‌పేట కొట్టుకి ఫోనెత్తే గొంతు

మా మేనమామకి బెంగళూరు కాటన్‌పేటలో అస్తరు గుడ్డల కొట్టు ఉంది. జాకెట్ల లోపల వేసే అస్తరు, చీర అంచుకి కుట్టే ఫాల్సు, ఏ రంగు కావాలన్నా తానులకొద్దీ దొరుకుతాయి. ఊళ్లో సగం మంది టైలర్లు ఆయనకే ఫోన్ చేస్తారు. "నెమలి రంగు వచ్చినాదా అన్నా?" అని వాళ్లు అడిగేది ఒక్క మాట. వచ్చిందనో రాలేదనో చెప్పేలోపు మామ వాళ్ల మోకాలి నొప్పి, కూతురి పరీక్షలు, వాళ్ల వీధిలో తవ్విపడేసిన రోడ్డు, అన్నీ విచారిస్తాడు.

అత్తకి ఇందులో పెద్ద అభ్యంతరమేమీ లేదు, మధ్యాహ్నం భోజనం వేళ తప్ప. కింద కొట్టు, పైన ఇల్లు. మామ కుడిచెయ్యి రాగిముద్దలో, ఎడమచెయ్యి ఫోన్‌లో. ముద్ద చల్లారి రాయవుతుంది, పులుసు మీద తెట్టె కడుతుంది, అవతల టైలరు మోకాలు మాత్రం ఇంకా తగ్గలేదు.

ఒక శనివారం నేనుండే మహదేవపుర నుంచి వాళ్లింటికి వెళ్లాను. చెప్పులు విడిచానో లేదో, అత్త అందుకుంది.

"పాపా, నువ్వు ఆఫీసులో ఫోన్లకి జవాబిచ్చే మిషన్లు చేస్తావంట గదా. మీ మామకీ ఒకటి చేసిపెట్టు. అన్నం తినేదాక అది మాట్లాడతా ఉంటాది."

"నా గొంతేమైనా పోయినాదా?" అన్నాడు మామ.

"పోతే బాగుండు," అంది అత్త.

నా ఉద్యోగం అదే. ఏ కంపెనీకైనా ఫోన్ చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంటుందే, ఊరంతా విసుక్కునే ఆ గొంతు వెనక ఉన్నవాళ్లలో నేనొకదాన్ని. పెళ్లిళ్లలో ఎవరైనా ఏం చేస్తున్నావని అడిగితే కంప్యూటర్ పని అని మాత్రమే చెబుతాను. అంచేత, ఇంట్లోవాళ్లే కోరి అడిగేసరికి నాకు కొమ్ములొచ్చాయి. గంటలో చేసిస్తానని నా సొంత ల్యాప్‌టాప్ తీశాను.

ఆఫీసులో ఆ పనికి కావలసిన సరంజామా అంతా నేను చేరకముందే ఎవరో అమర్చిపెట్టారు. నేనెప్పుడూ మొదటినుంచీ పెట్టుకోలేదు. ఆ విషయం నాకు గుర్తొచ్చేసరికి మామ కుర్చీ లాక్కుని నా పక్కనే కూర్చున్నాడు. కళ్లజోడు తుడుచుకుని నల్లటి తెర వైపు చూశాడు.

"బొమ్మలేమీ లేవా?"

"లేవు మామా. ఇందులో మనం మాట రాయాల, అది పని చేయాల."

"తప్పు రాస్తే?"

"తిడతాది."

"ఓ, మీ అత్త మాదిరి."

వంటింట్లో గరిటె శబ్దం ఒక్కసారి ఆగి, మళ్లీ మొదలైంది.

ఒక వరుస టైప్ చేస్తే, ఫోన్లకి జవాబిచ్చే టూలు ల్యాప్‌టాప్‌లోకి దిగింది. ఇంకో వరుసకి లోపలికి రానిచ్చింది. కొట్టు కోసం ఒక కొత్త ఫోన్ నంబరు కూడా తీసుకున్నాను. మామ ఫోన్‌కి వచ్చే కాల్స్‌ని భోజనం వేళ ఆ నంబరుకి మళ్లించాలని నా ఆలోచన. ఇక నేను నేనేనని ఆ టూలుకి రుజువు చేసే తాళంచెవి లాంటి ఫైలొకటి ఉంటుంది, అదెక్కడుందో చెప్పాలి. ఆ ఫైలుని దాచిన ఫోల్డరుకి ముచ్చటగా ఇంగ్లీషు అక్షరాల్లో "మామ షాపు" అని పేరు పెట్టుకున్నాను. ఆ దారి టైప్ చేశాను. ఎర్ర అక్షరాల్లో జవాబొచ్చింది.

"ఏమంటాది?" అన్నాడు మామ.

"మామ అనేది ఏదీ లేదంటా ఉండాది."

"నన్నే లేడంటాదా? ఎదురుగానే కూకోని ఉండాను గదప్పా!"

టూలు తీసేసి మళ్లీ పెట్టాను. అదే మాట. కొత్త తాళంచెవి చేశాను. అదే మాట. మామ లేడు. ఆఫీసులో ఇలాంటి చిక్కు వస్తే పక్క కుర్చీలో ఉన్నవాళ్లని పిలిచేదాన్ని, ఇక్కడ పక్క కుర్చీలో ఉన్నది మామే. చాలాసేపు ఆ వాక్యాన్నే చూస్తూ కూర్చున్నాక తట్టింది. పేరు మధ్యలో ఖాళీ వదిలాను. ఆ ఖాళీ దగ్గర మాట అయిపోయిందనుకుని, "మామ" వరకే చదివి ఆగిపోతోంది. ఖాళీ తీసేసి రెండు మాటలూ కలిపి రాశాను. వెంటనే ఒప్పుకుంది.

"మామకీ షాపుకీ నడుమ సందు ఉండగూడదు," అన్నాడు మామ, వంటింట్లోకి వినబడేలా. "కంప్యూటర్‌కే తెలిసిపోయినాది చూడు."

తర్వాత ఆయన గొంతు రికార్డు చేశాం. కొత్త రంగులు తెలుసుకోవడానికి ఒకటి, ఆర్డరు చెప్పడానికి రెండు నొక్కమనాలి, అంతే. కానీ పలకరించకుండా పని మాట మొదలుపెట్టడం ఆయన వల్ల కాలేదు. "నమస్కారమప్పా, బాగుండారా? ఊట ఆయ్తా?" అని భోజనమయిందో లేదో కూడా కనుక్కున్నాకే ఒకటీ రెండూ వచ్చాయి. పోనీలే, కన్నడమూ తెలుగూ రెండూ పడ్డాయని సరిపెట్టుకున్నాను.

ఫోన్ చేసి చూశాం, పలికింది. మామ మొహం వెలిగిపోయింది. ల్యాప్‌టాప్ మూసి భోజనానికి లేచాను. మామ ఆగలేక మళ్లీ చేశాడు. ఉలుకూ పలుకూ లేదు.

"ఇప్పుడది నా ల్యాప్‌టాప్‌లోనే ఉండాది మామా. మూస్తే నిద్రపోతాది. ఎప్పుడూ మేలుకోనుండే కంప్యూటర్లు వేరే చోట ఉంటాయి, అక్కడికి పంపాల."

"బాడుగకా?"

"అట్లాంటిదే. అడ్వాన్స్ అక్కర్లేదు."

"బెంగళూరులో అడ్వాన్స్ లేకుండా బాడుగకిచ్చే పుణ్యాత్ముడెవరప్పా?"

ఆ పుణ్యాత్ముడి దగ్గరికి ఒక్క వరుసలో పంపేశాను. తెర మీద పచ్చటి అక్షరాలు కనిపించాయి. భోజనం వేళ మామ కాల్స్ అటు మళ్లేలా పెట్టి, గెలిచినదానిలా రెండో ముద్ద పెట్టించుకుని తిన్నాను.

మంగళవారం మీటింగులో ఉండగా అత్త ఫోన్ చేసింది. పక్కకొచ్చి ఎత్తాను.

"పాపా, మీ మామకి చెవుడొచ్చినాదని కొట్టుకి జనం వస్తా ఉండారు."

ముందురోజు మధ్యాహ్నం వచ్చిన కాల్స్ రికార్డింగులు తీసి విన్నాను. యలహంకలో కుట్టుపని చేసే ఒకావిడ ఫోన్ చేసింది. మామ గొంతు బాగుండారా అని అడిగితే మర్యాదగా, "బాగుండాము అన్నా, మీరు?" అంది. తన మాటల్లో పడి ఒకటీ రెండూ వినిపించుకోలేదు. అంకె నొక్కలేదు కాబట్టి నా ప్రోగ్రాము కాసేపు చూసి మళ్లీ మొదటికొచ్చింది. "నమస్కారమప్పా, బాగుండారా? ఊట ఆయ్తా?"

"ఆయ్తు అన్నా. ఇప్పుడే చెప్పితి గదా."

మళ్లీ, "నమస్కారమప్పా, బాగుండారా?"

"అయ్యో అన్నా, నీకు చెవులు వినపడ్తా లేవా? ఉండు, సాయంత్రం నేనే వస్తా."

అన్నట్టే ఆవిడ సాయంత్రం బస్సెక్కి వచ్చి, తనకి తెలిసిన చెవుల డాక్టరు పేరు చెప్పి వెళ్లిందట. మామ ఆమెని కూర్చోబెట్టి, కాఫీ తెప్పించి, మాట్లాడి మాట్లాడి దీపాలు పెట్టే వేళకి పంపించాడట. ఆయనకి ఈ మిషను మహా నచ్చింది. ఇబ్బంది అత్తకే, ఫోన్ల బదులు మనుషులే రావడం మొదలయ్యింది.

ఆ శనివారం మళ్లీ వెళ్లాను. పలకరింపు తీసేసి కొత్తగా చెప్పమని మామని అడిగాను.

"ఎట్ల ఉండారని అడక్కుండా ఒకటి నొక్కు, రెండు నొక్కు అంటే మనిషికి మర్యాద ఉండాదా?" అన్నాడు. కావాలంటే నీ ఉద్యోగం నువ్వు చేసుకో, నా మర్యాద నాకు ఉంచు అన్నట్టు చేతులు కట్టుకున్నాడు.

అత్త కొంగుకి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి రికార్డింగుకి నేను పట్టుకున్న ఫోన్ లాక్కుంది. "ఆయన అన్నం తింటా ఉండాడు. రెండున్నరకి చేయండి," అని, ఫోన్ నాకిచ్చి వెళ్లిపోయింది.

ఒకటి లేదు, రెండు లేదు. నేను కష్టపడి రాసిన మలుపులన్నీ చెరిపేశాను. మిగిలింది అత్త వాక్యం. దాన్ని ఆ బాడుగ కంప్యూటర్‌కి పంపాను. ఆ వారంలో ఒక్కరూ ఎదురు మాట్లాడలేదు, ఒక్కరూ డాక్టరు పేరు చెప్పలేదు. రెండున్నరకి మాత్రం ఫోన్ మోత మోగిపోతుందట.

ఆ తర్వాత నేను వెళ్లినప్పుడు వేడి వేడి ముద్ద ముందు కూర్చుని మామ తన ఫోన్ నుంచి ఆ కొత్త నంబరుకి చేస్తున్నాడు. స్పీకర్ పెట్టి అత్త గొంతు మొత్తం విన్నాడు. మళ్లీ చేసి మళ్లీ విన్నాడు.

"ఎవరో గానీ, గొంతు శానా బాగుండాది," అన్నాడు, పులుసు వడ్డిస్తున్న అత్త వైపు చూడకుండా.

"ముందు తిను," అంది అత్త. కానీ ఆ పూట ఆయనకి నెయ్యి కొంచెం ఎక్కువే పడింది.