మామ మింగిన నీలం మాత్ర

ఆ రోజుల్లో మా పుదుచ్చేరి బజారు మగవాళ్ళకు ప్రాణం కంటే పరువు ఎక్కువ. (ఇప్పుడు మాత్రం తక్కువా అంటారా, ఆగండి, చివర చెబుతాను.) అందరిలోకీ ఘనుడు మా మేనమామ. పాత్రల కొట్టు ఆయనది, అందులో కొత్త ఉద్యోగం నాది. ఊళ్ళోవాళ్ళ కాపురాలన్నిటికీ సలహాలిచ్చే ఆ మహానుభావుడికి సొంత కాపురంలో కొన్నాళ్ళుగా ఇబ్బంది. డాక్టరుకు చెప్పుకోవడం నామోషీ. ఎవరూ గుర్తుపట్టరని మూలకుళం దాకా వెళ్ళి, మందుల షాపులో గొంతు తగ్గించి నీలం మాత్రలు కొనుక్కొచ్చాడు.

మా ఇళ్ళలో మందంటే దీపావళికి అరుగుదల కోసం చేసే లేహ్యమే. తలంటుకుని, నెయ్యితో మింగి, కడుపునిండా తిని కూర్చుంటే తన పని తాను చేసుకుపోతుంది. ఆ ఆదివారం మధ్యాహ్నం మామ మాత్రను అచ్చం అలాగే మింగాడు. పైన మటన్ బిర్యానీ. తర్వాత గదిలో ఒంటరిగా టీవీలో వార్తలు పెట్టుకుని, వాచీ చూసుకుంటూ కూర్చున్నాడు. వంటింట్లో ఉన్న అత్తకు కబురే లేదు. ఎంతకీ ఏమీ జరగకపోయేసరికి కంపెనీవాణ్ణి తిట్టి ఇంకొకటి మింగాడు. కాసేపటికి మొహం కందగడ్డయింది, తల పగిలిపోతోందన్నాడు, ఆపైన గుండెల్లో నొప్పి.

అత్తా నేనూ కదిర్కామం ఆసుపత్రికి ఆటోలో తీసుకెళ్తుంటే మామ నా చెవిలో సంగతంతా చెప్పి, “ఒరే అల్లుడా, యాడా నోరు తెరవబాక” అన్నాడు. అక్కడ డాక్టరు నాలుక కింద పెట్టే గుండెనొప్పి మాత్ర చేతిలోకి తీసుకుని, ఇంకేమైనా మందు వేసుకున్నారా అని అడిగాడు. మామ లేదన్నాడు. మళ్ళీ అడిగినా లేదన్నాడు. చావనైనా చస్తాడు గానీ చెప్పడు. నేను నోరు తెరిచేలోపే అత్త అందుకుంది.

“సారూ, ఈయన చెప్పడు. నీలం మాత్రలు ఏసుకున్నాడు, రెండు. జేబులో అట్ట చూసినా.”

డాక్టరు చేతిలో మాత్ర వెంటనే పక్కన పెట్టేశాడు. ఆ రెండూ కలిస్తే బీపీ ఒక్కసారిగా పడిపోయి మనిషే పోవచ్చట. పరీక్షలన్నీ చేసి ప్రమాదం లేదని తేలాక మామను దులిపేశాడు. నీలం మాత్ర కోరిక పుట్టించదట. మనసు కదిలినప్పుడు రక్తనాళాలను వదులు చేసేది ఒళ్ళే, ఆ వదులు తొందరగా పోకుండా చూడడమే మాత్ర పని. బిర్యానీ మీదైతే అదీ ఆలస్యమే. వార్తలు చూస్తూ కూర్చున్నవాడికి తలనొప్పి కాక ఇంకేమొస్తుంది?

అత్త అంతా విని, మామ చెయ్యి పట్టుకుని నిదానంగా అడిగింది. “నన్ను పిలవకుండా అది ఎట్ట పనిచేస్తాదనుకున్నావు?” ఊరందరికీ సలహాలిచ్చే మామ ఫ్యాను వంక చూశాడు.

ఆ ఫ్యాను చూపును తలుచుకుని ఏళ్ళ తరబడి వెక్కిరించాను. మొన్న అదే ఇబ్బందితో, అదే వయసులో, నేనూ డాక్టరు ముందు కూర్చున్నాను. ఏమిటి సమస్య అని అడిగితే, గొంతు తగ్గించి, కాస్త గ్యాసండీ అన్నాను. పక్కనున్న నా భార్య నిట్టూర్చి, కుర్చీ ముందుకు జరుపుకుంది.

“సారూ, ఈయన చెప్పడు.”