కౌంటరు కంతలో అత్తయ్య

ఆ పిల్లకి ఇంట్లో పెట్టిన పేరు ఆరాలరాణి. పక్కింటివాళ్ళు పట్టపగలు తలుపెందుకు వేసుకున్నారో ఆరా తీయందే ఆమెకు అన్నం సహించదు. కాలేజీలో తన జట్టు తీసిన పొట్టి సినిమాకు పోస్టరు చేసే పని ఆమె నెత్తిన పడింది. అందులో టికెట్లమ్మే మనిషిగా నటించింది సాక్షాత్తూ మేనత్తే. బస్టాండు కౌంటర్లో ఆవిడ చేసే ఉద్యోగమూ అదే. నటించమంటే నానా సాకులూ చెప్పి, చివరికి ఒక్క కోరిక కోరింది.

"పోస్టరు మీద నా మొహం కనపడేట్టు చూడవే. ఇంతమందికి టిక్కెట్లిచ్చానా, బజార్లో ఎదురుపడితే గుర్తుపట్టినవాడు ఒక్కడూ లేడు."

నవ్వుతూనే అంది గానీ, ఆ మాట మేనకోడలికి గుండెలో గుచ్చుకుంది.

మొదటి పోస్టర్లో బస్సు, వాన, పెద్ద గడియారం, వాటి మధ్య అత్తయ్య. రాణి దాన్ని రెప్పపాటు చూపించి వెనక్కి తిప్పేసి, ఏం చూశారని అడిగేది. క్యాంటీనాయన బస్సన్నాడు. లైబ్రరీ మేడం గడియారం ఆగిపోయిందా అని అడిగింది. నాన్నయితే, "వానే కదా? మేడ మీద బట్టలు తీశారా?" అన్నాడు. సొంత చెల్లెలు కనపడలేదు మహానుభావుడికి.

రాణి గడియారం తీసేసింది. వాన ఆపేసింది. బస్సునీ పంపించేసి, అత్తయ్య ముఖాన్నే కాగితం నిండా పెంచింది. ఇప్పుడు అందరూ "ఎవరో ఒకావిడ" అని నడుస్తూనే చెప్పి వెళ్ళిపోయారు. ఒకడు సబ్బు ప్రకటనా అన్నాడు. ఇంత పెద్ద ముఖం ఎదురుగా ఉంటే చూడకుండా ఎలా పోతున్నారు? ఆ ఆరా తీయాల్సిందే.

బస్టాండుకు వెళ్ళింది. చిన్నప్పటినుంచీ క్యారేజీ పట్టుకుని వెనక తలుపులోంచి లోపలికి పోవడమే తప్ప, ఎన్నడూ లైన్లో నిలబడిన పాపాన పోలేదు. ఇవాళ నిలబడింది. కౌంటరు అద్దంలో వెనకున్న రోడ్డూ, జనమూ కనిపిస్తున్నారు గానీ, లోపలి మనిషి జాడే లేదు. కింద చిన్న కంత. అందులోకి చేతులు వెళ్తున్నాయి, వస్తున్నాయి. తన వంతు రాగానే రాణి నడుం వంచి కంతలోంచి చూసింది. ముక్కు మీదికి జారిన కళ్ళజోడు, ముడిలో దోపుకున్న పెన్ను, ఏదో లెక్కపెడుతూ కదిలే పెదాలు. రోజూ ఇంట్లో చూసే ముఖమే, కానీ ఎప్పుడూ చూడనట్టుంది.

"అత్తయ్యా, నువ్విలా ఉంటావా ఇక్కడ?"

"వెనకాల జనం ఉన్నారు. టిక్కెట్టు కావాలా, వద్దా?"

రాణి పరుగున ఇంటికొచ్చింది. కొత్త పోస్టరంతా బూడిదరంగు అద్దం బొమ్మే, సినిమా పేరు తప్ప ఇంకేమీ లేదు. కింద ఒక కంత కోసి, దాని వెనక అత్తయ్య ముఖం అతికించింది. కంత సరిగ్గా నడుం ఎత్తున వచ్చేట్టు కాలేజీ వరండాలో అంటించి, స్తంభం చాటున నక్కింది. ముందు ఒకమ్మాయి వంగి చూసింది. ఆమె ఏం చూసిందోనని వెనకున్నవాడూ వంగాడు. వాచ్‌మన్ చాలాసేపు వంగే ఉన్నాడు.

"ఏం చూశావు బాబాయ్?"

"ఒకావిడ. నావైపే చూస్తోందమ్మా."

రాణికి గంతులేయాలనిపించింది.

సినిమా వేశారు. జనం బాగానే వచ్చారు. ఆ తర్వాతి సెలవు రోజున రాణి క్యారేజీ తీసుకెళ్ళి అత్తయ్య పక్కన స్టూలు మీద కూర్చుంది. కంతలో ఒక పెద్దాయన ముఖం కనపడింది. డబ్బు ఇవ్వడు, ఊరి పేరు చెప్పడు.

"ఎక్కడికండీ?" అంది అత్తయ్య.

"ఎక్కడికీ కాదమ్మా. రోజూ మీ దగ్గరే కొంటాను టిక్కెట్టు. మా మనవరాలి కాలేజీలో మీ బొమ్మ చూశాను. ఒకసారి మిమ్మల్ని చూసి పోదామని వచ్చాను."

అత్తయ్య కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. మేనకోడలి వైపు తిరిగింది.

"కూర్చోమందామంటే అటువైపు కుర్చీ కూడా లేదేమే."