సీతాబాయికి రాని వాసన

మధురానగర్‌లోని ఆ లేడీస్ హాస్టల్లో నలభై మంది అమ్మాయిలకు పదహారేళ్లుగా వంట చేసిపెట్టింది సీతాబాయి. పోపు వాసన చూసి ఎప్పుడు మాడబోతోందో చెప్పేస్తుందని పేరు. రెండేళ్ల కిందట జ్వరమొచ్చింది. జ్వరమైతే పోయింది గానీ, వాసన తెలియడం కూడా దాంతోనే పోయింది. ఎవరితో చెప్పుకుంటుంది పాపం! వాసన తెలియని వంటమనిషిని ఎవరు పెట్టుకుంటారు? నోరు మూసుకుంది. బదులుగా రోజూ పొద్దున్నే గ్యాసు పైపుకు సబ్బు నురగ రాసి, ఎక్కడైనా బుడగలొస్తున్నాయేమో చూసుకునేది.

ఆ సోమవారం బస్సు దొరక్క ఆలస్యమైంది. ఒక్కపూటకు ఏమవుతుందిలే అనుకుని నురగ మానేసి లైటర్ అందుకుంది. వేణ్నీళ్లకొచ్చిన హాస్టల్ అమ్మాయి రవళి గుమ్మంలోనే ముక్కు మూసుకుంది.

"ఆంటీ, ఏంటీ గ్యాసు కంపు? మీకు రావట్లేదా?"

సీతాబాయికి పై ప్రాణాలు పైనే పోయాయి. రవళి చెయ్యి అప్పటికే ఎగ్జాస్ట్ ఫ్యాన్ స్విచ్ మీదికి వెళుతోంది.

"ముట్టకు బిడ్డా! స్విచ్ వేస్తే నిప్పురవ్వ లేస్తది. అందర్ని మెట్ల మీదికెల్లి కిందికి తీస్కపో!"

రెగ్యులేటర్ కట్టేసి, తలుపులూ కిటికీలూ బార్లా తెరిచి, రోడ్డు మీదికి వచ్చాకే గ్యాసు లీకులకు పిలిచే 1906 నంబరుకు ఫోన్ చేసింది. వాళ్లొచ్చి చిట్లిన పైపు మార్చారు. ఎవరికీ ఏమీ కాలేదు.

హాస్టల్ యజమాని రఘురామ్ శ్రీనగర్ కాలనీ నుంచి పరుగెత్తుకొచ్చాడు. గ్యాసు లీకైతే మోగే మెషిన్ పెట్టించమని అమ్మాయిలు పట్టుబట్టారు.

"సీతాబాయి ముక్కుండగా మెషిన్లు ఎందుకమ్మా? ఇవాళ మిమ్మల్ని కాపాడింది ఎవరనుకున్నారు?" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆమెకు ఏడుపొచ్చింది. ఊరుకుంటే ఉద్యోగం నిలుస్తుంది. కానీ ఇంతమంది ఆడపిల్లలు!

"నాకు రెండేండ్ల సంది వాసన వస్తలేదు సార్. గా బిడ్డ రాకుంటే అందరం పోతుంటిమి."

చప్పట్లు ఆగిపోయాయి. మర్నాటికల్లా మెషిన్ వచ్చింది, కొత్త వంటమనిషీ వచ్చింది. సంచీ సర్దుకుని వెళ్లబోతూ సీతాబాయి వంటింట్లోకి చూసింది. మెషిన్‌ను సీలింగుకు బిగించారు.

"సార్, సిలిండర్ గ్యాసు బరువుంటది. నేల పట్టుకునే పాకుతది. మెషిన్ కిందికి పెట్టియ్యుండ్రి, జర."

"రెండేళ్లు మోసం చేసిందానివి, నాకు పాఠాలా? పైన ఉంటే ఎవరికీ తగలదు. వెళ్లు."

రవళిని పట్టుకుని బతిమాలింది. "మేమూ చెప్పాం ఆంటీ, వింటే కదా! నేనైతే శనివారం ఖాళీ చేసేస్తున్నా" అంది రవళి. మరి మిగిలిన పిల్లల సంగతి?

గేటు దాటి రోడ్డు మీద నిలబడింది. పైన కొత్తావిడ దుమ్ము పడుతోందని వంటింటి కిటికీ రెక్కలు లాగుతోంది.

"ముయ్యకమ్మా! జర తెరిచి పెట్టు!" అని గొంతు చించుకుంది సీతాబాయి. ఆ హారన్లలో ఎవరికి వినపడుతుంది! కొత్తావిడ గడియ పెట్టేసింది.