చిన్నాయన నేర్పిన అడుగు

మా ఊరి సత్రం తాళంచెవి నా దగ్గర ఉంటుంది. సాయంత్రం తలుపు తెరిచి, ఊడ్చి, పిల్లలు వచ్చేసరికి లైట్లు వేయడం నా వంతు. అక్కడ జీతగాళ్లెవరూ లేరు. తబలా నేర్పే మాస్టారు మార్కాపురం నుంచి తన బండి మీద వస్తాడు. బొమ్మలు నేర్పే అమ్మాయి కాలేజీ అయ్యాక బస్సు దిగి నడిచొస్తుంది. బయటివాళ్లు దాన్ని కళాకేంద్రం అంటారు. మాకు మాత్రం అది సత్రమే.

దోర్నాల మీదుగా శ్రీశైలానికి నడిచిపోయేవాళ్లు తలదాచుకోవడానికి ఎప్పుడో ఎవరో పుణ్యాత్ములు కట్టించారట. రాతి స్తంభాలు, మట్టిమిద్దె, చుట్టూ అరుగు. బస్సులు వచ్చాక అక్కడ ఆగేవాళ్లు లేకుండా పోయారు. నా చిన్నతనంలో వానొస్తే మావాళ్లు గొర్రెలను అందులోకి తోలేవాళ్లు. నడిమి నేలను మాత్రం వారం వారం పేడతో అలికేవాళ్లు, శనివారం సాయంత్రం అక్కడ చెక్కభజన ఉండేది కాబట్టి.

మా నాయన తమ్ముడు, ఇప్పుడు లేడు, అక్కడే నేర్చుకుని అక్కడే గురువయ్యాడు. చేతిలో చెక్కలు, కాళ్లకు గజ్జెలు, గుండ్రంగా తిరుగుతూ పాట. పాట జోరందుకున్నాక చిన్నాయన ఒక అడుగు వేసేవాడు. ఉన్నచోటి నుంచి పైకెగిరి, గాలిలోనే వెనక్కి తిరిగి, కాలు నేలకు ఆనీ ఆనకముందే మళ్లీ లేచేవాడు. పొద్దంతా గొర్రెల వెంట తిరిగిన మనిషికి ఆ ఓపిక ఎక్కడి నుంచి వచ్చేదో నాకు తెలియదు. ఆడపిల్లలం మేం అరుగు మీద కూర్చుని నోరు తెరుచుకుని చూసేవాళ్లం. మేమూ ఆడతామంటే వీపు విమానం మోత మోగేది.

పోనుపోను జట్టు చెదిరిపోయింది. కొందరు కాలం చేశారు, బోర్లు ఎండిపోయాక కొందరు ఊరొదిలారు. ఆ అడుగు వచ్చినవాడు చిన్నాయన ఒక్కడే మిగిలాడు. సత్రం బాగుచేసి పిల్లలకు ఆటపాటలు నేర్పుదామని ఊళ్లో మాట పుట్టినప్పుడు ఆయన ఒక్కటే అడిగాడు.

"నేను పొయ్యేలోపల ఆ అడుగు పిల్లోళ్ల కాళ్లకు ఎక్కించి పోవాల. ఇంకేం వద్దు నాకు."

"ఆడపిల్లలు కూడా రావచ్చా, చిన్నాయనా?" అన్నాను, కాస్త దెప్పుతూనే.

"రానీ అమ్మా. ఎగిరే కాళ్లుంటే సాలు."

నవ్వొచ్చింది, కడుపూ మండింది. ఆ మాట ఆయన నోట రావడానికి నా మోకాళ్లు అరిగిపోవాల్సి వచ్చింది.

ఊరంతా తలా ఒక చెయ్యి వేసింది. గొర్రెల పెంట ఎత్తిపోశారు, మిద్దె కురవకుండా పైన కొత్తగా చవుడు మట్టి పరిచారు. మార్కాపురంలో రాళ్లు కోయించే మా ఊరి అల్లుడొకాయన నడిమి నేలకు నల్ల బండలు పాలిష్ పట్టించి పంపాడు. వంగితే మన మొహం మనకు కనిపించేది. చిన్నాయన వాటిని అరచేత్తో నిమిరి నిమిరి మురిసిపోయాడు.

తెరిచే రోజు పొద్దున్నే ఆడవాళ్లు బిందెలతో నీళ్లు తెచ్చి నేల కడిగారు. మా దగ్గర శుభకార్యమంటే ముందు కడుగుడే. ఆ తడి మీదే ముగ్గు పడాలి, ఆ తడి మీదే అడుగు పెట్టాలి. పాత మట్టినేల ఆ నీళ్లను ఇట్టే తాగేసేది. బండల మీద అవి అట్లాగే నిలిచాయి. ఎవరికీ తుడవాలన్న ఆలోచనే రాలేదు.

కొబ్బరికాయ కొట్టారు. చిన్నాయన గజ్జెలు కట్టుకుని, పిల్లలను చుట్టూ నిలబెట్టి పాట ఎత్తుకున్నాడు. "సూడండి, ఇదే" అని ఎగిరాడు. గాలిలో చక్కగానే తిరిగాడు. దిగేటప్పుడు జారాడు. ఆ చప్పుడు గురించి రాయడం నా వల్ల కాదు. కుడి తుంటి విరిగింది.

కడిగిన ఆడవాళ్లు ఆయన మంచం చుట్టూ చేరి ఏడిస్తే, "మీరేం చేసినారమ్మా, మంచికే గదా కడిగినారు" అని ఆయనే ఓదార్చాడు. నాకు మాత్రం ఏడుపు కన్నా కోపమే ఎక్కువ వచ్చింది. బండల మీద, నీళ్ల మీద, శుభం అనే మాట మీద కూడా.

కొన్ని నెలలకు లేచాడు. చేతికర్ర వచ్చింది, కుడికాలు ఈడుపు పడింది. బండలు పీకించి మళ్లీ మట్టి పరిచాం. రోజూ వచ్చేవాడు. పాడుతూ, చెక్కలు కొడుతూ, పిల్లలకు ముందు నడిచేవాడు. "ఇక్కడ ఎగరాల. నా కాలు సూడొద్దు, నా మాట ఇనండి" అని నెత్తీ నోరూ కొట్టుకునేవాడు. కానీ చెక్కభజన మాటతో వచ్చేది కాదు. గురువు కాలు ఎట్లా పడితే శిష్యుడి కాలూ అట్లా పడాలి, మొదటి నుంచీ నేర్పే తీరు అదే. పాపం, ఆ పిల్లలు ఆయన ఎగరడం చూసింది ఆ ఒక్క రోజే.

గిద్దలూరులో ఒక తిరునాళ్లకు పిల్లలను తీసుకుపోయాం. చిన్నాయన ముందు వరసలో కుర్చీలో కూర్చున్నాడు, పక్కన నేను. పాట జోరందుకుంది. ఆ అడుగు రావాల్సిన చోట పిల్లలంతా ఎడమకాలి మీద బరువు మోపి, కుడికాలును నేల మీద ఈడ్చుకుంటూ మెల్లగా తిరిగారు. ఒక్కరూ లయ తప్పలేదు. ఎంత ముద్దుగా చేశారో చెప్పలేను. జనం ఈలలు వేశారు.

చిన్నాయన నా వైపు వంగాడు. "అదేందమ్మా, పిల్లోళ్లు అట్ల ఈడుస్తున్నారు?"

నేను ఆయన చేతికర్ర వైపు చూశాను. ఆయన మళ్లీ అటు తిరిగి చూశాడు.

ఆట అయ్యాక పిల్లలు చెమటలు కక్కుతూ పరుగున వచ్చి, గురువు కాళ్లకు మొక్కడానికి వంగారు. చిన్నాయన కుడికాలును కుర్చీ కిందికి లాక్కున్నాడు.